ముఖానికి తగ్గ నీడ

మా అమ్మమ్మకు శుక్లాల ఆపరేషన్ అయినప్పుడు ఆసుపత్రివాళ్లు ఒక నల్ల కళ్లజోడు ఇచ్చి పంపారు. దళసరి ప్లాస్టిక్కు, కణతల దగ్గర రెండు నల్లటి రెక్కలు. ఎండలోకి వెళ్లినప్పుడల్లా పెట్టుకోమన్నారు. ఆమె ఇంట్లో పెట్టుకునేది, వీధరుగు మీదికి రావాల్సి వస్తే తీసి కొంగులో దాచేసేది. "చూసినవాళ్లు ఏమనుకుంటారే" అనేది. అప్పట్లో మా ఊళ్లో నల్ల కళ్లద్దాలు పెట్టుకున్న మనిషికి కంటి ఆపరేషనైనా అయ్యుండాలి, సినిమా హీరో అయినా అయ్యుండాలి. అమ్మమ్మకు ఆ రెండూ ఇష్టం లేకపోయాయి. నీడ ఎక్కువ అవసరమున్న కళ్లనే ఎండ కొట్టింది.

మొన్న మే నెలలో మా అక్క కూతురికి చలువ కళ్లద్దాలు కొనడానికి విజయవాడ బీసెంట్ రోడ్డుకు వెళ్లినప్పుడు ఆ కొంగు ముడి గుర్తొచ్చింది. పిల్ల కొత్తగా ఉద్యోగంలో చేరింది, స్కూటీ కొనుక్కుంది. మధ్యాహ్నం పూట సిగ్నల్ దగ్గర ఆగితే తారు రోడ్డు నుంచి లేచే వెలుగుకు కళ్లు తెరవలేకపోతున్నానంది. అక్క కూడా మాతో వచ్చింది, తనకేమీ అక్కర్లేదని ముందే చెప్పి ఫ్యాను కింద కుర్చీలో కూర్చుంది.

పిల్ల అన్నీ చదువుకునే వచ్చింది. "పిన్నీ, నాది రౌండ్ ఫేస్. రౌండ్ ఫేస్‌కి చదరం ఫ్రేమే నప్పుతుందట" అంటూ నల్లటి చదరపు ఫ్రేము ఒకటి పెట్టుకుని అద్దంలో చూసుకుంది. నిజంగానే బాగుంది. షాపు పెద్దాయన కూడా బాగుందనే అన్నాడు.

"ఇప్పుడొకసారి నవ్వమ్మా" అన్నాడు తర్వాత.

నవ్వింది. చెంపలతోపాటు ఫ్రేమూ పైకి లేచి కనుబొమలను మూసేసింది. "కిందికి చూడు" అన్నాడు. చూసింది. జోడు ముక్కు మధ్యకు జారి ఆగింది.

"మొహం గుండ్రమా చదరమా అన్నది తర్వాత చూద్దాం. ముందు ముక్కు సంగతి చూడాలి" అన్నాడాయన, ఆ ఫ్రేమును తుడిచి లోపల పెట్టేస్తూ.

ఈ వ్యాసం రాయాలనిపించింది ఆ మాటకే. ముఖాకృతిని బట్టి కళ్లద్దాలు ఎంచుకునే పట్టికలు ఇప్పుడు ఎక్కడ చూసినా ఉన్నాయి. వాటిలో బొమ్మలు కదలవు, నవ్వవు, చెమట పట్టవు, బొట్టు పెట్టుకోవు, హెల్మెట్ పెట్టుకోవు. మన మొహాలు ఇవన్నీ చేస్తాయి. పట్టిక తప్పని చెప్పడం లేదు. అది ఎక్కడ మొదలుపెట్టాలో చెబుతుంది, అంతే.

ముక్కుతోనే మొదలుపెడదాం. చాలా విదేశీ ఫ్రేములు కళ్ల మధ్య ముక్కుదూలం ఎత్తుగా ఉండే మొహాలను దృష్టిలో పెట్టుకుని చేసినవి. మనలో చాలామందికి దూలం అంత ఎత్తుగా ఉండదు, చెంపలు నిండుగా ఉంటాయి. అందుకే ముక్కు దగ్గర ప్లాస్టిక్ అచ్చులోనే కలిసిపోయి ఉండే ఫ్రేము మనకు జారుతుంది, లేదా చెంపల మీద కూర్చుంటుంది. చెంపల మీద కూర్చున్న ఫ్రేము మనిషి నవ్వినప్పుడల్లా ఎగురుతుంది. దీనికి రెండు దారులున్నాయి. ఒకటి, సన్నటి తీగల చివర నోస్ ప్యాడ్లున్న ఫ్రేము తీసుకుని షాపులో మన ముక్కుకు తగ్గట్టు దగ్గరకు వంపించుకోవడం. రెండోది, 'లో బ్రిడ్జ్ ఫిట్' అని రాసి ఉన్నవి అడగడం. వీటిలో ముక్కు దగ్గర ప్లాస్టిక్ ఎక్కువ మందం ఉంటుంది, ఫ్రేము చెంపలకు కాస్త ఎడంగా నిలుస్తుంది. ఈ మాట తెలియక ఎంతమంది ఆడపిల్లలు 'నా మొహానికి కళ్లద్దాలు నప్పవు' అని తీర్మానించుకున్నారో. నప్పకపోవడం మొహం తప్పు కాదు, దూలం కొలత తప్పు.

ఆ కొలత ఫ్రేము మీదే రాసి ఉంటుంది. కాడ లోపలివైపు చూడండి, 52, 18, 140 లాంటి అంకెలు మూడు కనిపిస్తాయి. మొదటిది ఒక్కో అద్దం వెడల్పు, రెండోది రెండు అద్దాల మధ్య దూరం, మూడోది కాడ పొడవు. అన్నీ మిల్లీమీటర్లలోనే. ఇంట్లో మీకు హాయిగా కూర్చునే పాత కళ్లజోడు ఏదైనా ఉంటే, అది చూపుకు వాడేదైనా సరే, ఆ మూడు అంకెలు రాసుకుని వెళ్లండి. చలువ కళ్లద్దాలు మామూలు జోడు కన్నా కాస్త పెద్దవి పెట్టుకుంటాం కాబట్టి మొదటి అంకె నాలుగైదు పెరగవచ్చు. రెండో అంకె మాత్రం పెద్దగా మారకూడదు.

ఇక ఆకృతి. అసలు సూత్రం ఒక్కటే, మిగతావన్నీ దాని కొమ్మలే. పులుసులో బెల్లం ముక్క వేస్తాం కదా, పులుపు మీద పులుపు వెయ్యం. మొహంలో ఏ గీత ఎక్కువగా ఉందో, ఫ్రేములో దానికి ఎదురు గీత ఉండాలి. వంపులు ఎక్కువున్న మొహానికి మూలలు, మూలలు ఎక్కువున్న మొహానికి వంపులు.

మరి మన మొహం ఏదో ఎలా తెలుస్తుంది? జుట్టంతా వెనక్కి దువ్వి ముడి వేసుకుని, అద్దానికి ఎదురుగా నిటారుగా నిలబడి, ఒక కన్ను మూసుకుని, సబ్బు ముక్కతో అద్దం మీదే మొహం అంచు గీయండి. తర్వాత పక్కకు జరిగి ఆ గీతను చూడండి. చేతిలో ఫోన్ పట్టుకుని తీసుకున్న సెల్ఫీని నమ్మకండి. దగ్గరినుంచి తీసిన ఫోటోలో ముక్కు పెద్దదిగా, చెవులు వెనక్కి పోయినట్టు, మొహం ఉన్నదానికన్నా సన్నగా వస్తుంది. ఫోటోయే కావాలంటే ఎవరినైనా రెండు మీటర్ల దూరంలో నిలబడి తీయమనండి.

గీసిన గీత పొడవూ వెడల్పూ దాదాపు సమానంగా ఉండి, దవడ దగ్గర మూల కనిపించకపోతే అది గుండ్రటి మొహం. మన వైపు ఇది చాలా ఎక్కువ, చంద్రబింబమని మనం మురిసిపోయేది దీన్నే. ఈ మొహానికి ఎత్తు కన్నా వెడల్పు ఎక్కువున్న అద్దాలు కావాలి. మూలలు తేలాలి, కాడలు ఫ్రేము పై అంచు దగ్గర కలవాలి. అప్పుడు చూసేవారి చూపు పైకి పోయి మొహం కొంచెం పొడవుగా అనిపిస్తుంది. చిన్న గుండ్రటి అద్దాలు పెడితే చెంపలు ఇంకా విచ్చుకుంటాయి. మా పిల్ల చదివింది సరైనదే. ఆమె తీసుకున్న ఫ్రేము అద్దాలు మరీ ఎత్తుగా ఉండటంతో వచ్చింది చిక్కు. అదే చదరం, ఎత్తు తగ్గితే చెంపలకు తగలదు.

నుదురు, చెంపలు, దవడ ఒకే వెడల్పులో ఉండి దవడ మూల పదునుగా కనిపిస్తే నలుచదరపు మొహం. దీనికి గుండ్రటివీ కోలవీ అందం, సన్నటి లోహపు అంచైతే మరీ అందం. 1961లో వచ్చిన 'బ్రేక్‌ఫస్ట్ ఎట్ టిఫనీస్' సినిమాలో ఆడ్రీ హెప్‌బర్న్ పెట్టుకున్న పెద్ద నల్ల కళ్లద్దాలు చూడండి. దవడలు పదునైన ఆ మొహం మీద ఆ వంపు తిరిగిన పెద్ద అద్దాలు ఎంత మెత్తగా కూర్చున్నాయో. వాటిని చాలామంది రేబాన్ వేఫేరర్ అనుకుంటారు. కాదు, లండన్‌కు చెందిన ఆలివర్ గోల్డ్‌స్మిత్ చేసిన 'మాన్‌హాటన్' అనే ఫ్రేము అది.

నుదురు విశాలంగా ఉండి గడ్డం దగ్గర కోసుగా దిగే మొహాన్ని పట్టికల్లో హృదయాకారం అంటారు. నాకు తమలపాకు అనడమే ఇష్టం. ఈ మొహానికి పైభాగం బరువైన ఫ్రేములు పెడితే నుదురు మరింత పెద్దదవుతుంది. కింది భాగంలో కాస్త నిండుదనం ఉన్నవి, లేత రంగువి, అంచు లేనివి తీసుకోవాలి. పైలట్ల కళ్లద్దాలు కిందికి జారిన నీటిబొట్టులా ఉంటాయి కనుక ఈ మొహానికి చక్కగా నప్పుతాయి.

పొడవాటి మొహానికి ఎత్తున్న పెద్ద అద్దాలు, వెడల్పాటి కాడలు మంచివి. సన్నటి పట్టీ లాంటి అద్దాలు మొహాన్ని ఇంకా సాగదీస్తాయి. చెంపలెముకలు వెడల్పుగా, నుదురూ గడ్డమూ సన్నగా గాలిపటంలా ఉండే మొహానికి కనుబొమల గీతను నిలబెట్టే ఫ్రేములు, కోల అద్దాలు బాగుంటాయి. కోలమొహం అదృష్టం చేసుకున్నది, ఏదైనా ఒప్పుకుంటుంది. మొహం కన్నా మరీ వెడల్పైన ఫ్రేమును మాత్రం అదీ భరించలేదు.

పట్టికను మీరిన మొహాలూ ఉన్నాయి. బీటిల్స్ గాయకుడు జాన్ లెనన్‌ది సన్నటి పొడవాటి మొహం. పట్టిక ప్రకారం అతను చిన్న గుండ్రటి అద్దాలు పెట్టుకోకూడదు. కానీ ఆ అద్దాలు లేకుండా అతని మొహాన్ని ఇవాళ ఊహించలేం. తెల్ల టోపీ, నల్ల కళ్లద్దాలు లేని తమిళ నటుడు ఎంజీఆర్‌నూ అంతే. రోజూ పెట్టుకున్నది మొహంలో భాగమైపోతుంది. నచ్చిన ఫ్రేము పట్టికలో లేదని వదులుకోకండి. అది మీ ముక్కు మీద నిలుస్తుందా, నవ్వితే కదలకుండా ఉంటుందా అని మాత్రం చూసుకోండి.

ఈ ఆకారాలు ఎక్కడినుంచి వచ్చాయో తెలిస్తే వాటిని వాడుకోవడమూ తేలికవుతుంది. అమెరికాలోని అట్లాంటిక్ సిటీ సముద్రతీరంలో 1929లో శామ్ ఫాస్టర్ చవక చలువ కళ్లద్దాలు అమ్మడం మొదలుపెట్టాకే అవి మామూలు జనం చేతికి వచ్చాయి. ఆ తర్వాతి దశాబ్దంలో బాష్ అండ్ లోంబ్ సంస్థ సైనిక పైలట్ల కోసం చేసింది ఏవియేటర్. పైలట్ ఆకాశాన్నీ చూడాలి, కింద ఉన్న మీటర్లనూ చూడాలి. ఎటు చూసినా కన్ను అద్దం దాటిపోకూడదని అద్దాన్ని కిందికి సాగదీశారు. ఆ ఆకారం మన తెలుగు సినిమా ఇన్‌స్పెక్టర్లకు ఎందుకంత నప్పిందో నాకు ఇప్పుడు అర్థమవుతోంది. నిండు మీసం మొహం కింది సగానికి బరువిస్తుంది. పైన తేలికపాటి లోహపు అంచు, అడ్డంగా రెండు గీతలు, కిందికి జారే అద్దం. బరువు పైకీ కిందికీ సరిగ్గా పంచుకుపోతుంది. గడ్డం, మీసం పెంచేవాళ్లు, తీసేసేవాళ్లు ఇది గమనించాలి. గడ్డం పెరిగితే గుండ్రటి మొహం కూడా పొడవవుతుంది, కోసు గడ్డం చదరమవుతుంది. పోయినేడు నప్పింది ఈ ఏడు నప్పకపోవడానికి కారణం అదే కావచ్చు.

చివర్లు పైకి లేచిన పిల్లికళ్ల ఫ్రేముకు ఆద్యురాలు ఆల్టీనా షినాసి. న్యూయార్క్‌లో షాపు కిటికీల అలంకరణ పని చేసిన ఆమెకు ఆడవాళ్ల కళ్లజోళ్లు మరీ చప్పగా కనిపించాయి. వెనిస్ ఉత్సవాల్లో పెట్టుకునే ముసుగుల ఆకారం మీదికి మనసు పోయింది. 1930ల చివర్లో ఆ ఆకారంలో ఫ్రేములు తెచ్చింది. ఆమె చూపించిన కిటుకు ఇవాళ్టికీ పనిచేస్తుంది. కళ్ల బయటి చివర గీత పైకి లేస్తే మొత్తం మొహం పైకి లేస్తుంది. వయసుతోపాటు చెంపలు కాస్త జారిన మొహాలకు దీన్ని మించిన వరం లేదు. నలభై దాటిన స్నేహితురాళ్లందరికీ నేను ముందు చూపించేది ఇదే. కొనేముందు ఇంట్లోనే నల్ల కాగితం కత్తిరించి రెండు మూడు ఆకారాలు మొహానికి పెట్టి చూసుకోండి. పైసా ఖర్చు లేదు.

పట్టికల్లో ఎక్కడా కనిపించనివి మరికొన్ని మనకున్నాయి. బొట్టు వాటిలో మొదటిది. కళ్లద్దాల మధ్య కడ్డీ బొట్టుకు దగ్గరగా వస్తే రెండూ ఒకదాన్నొకటి మింగేస్తాయి. బొట్టు పెట్టుకునేవాళ్లు కడ్డీ కాస్త కిందికున్న ఫ్రేము చూసుకోవాలి. అలా ఉంటే ముక్కు కూడా కొంచెం చిన్నదిగా కనిపిస్తుంది. ముక్కు చిన్నదని అనుకునేవాళ్లకు మాత్రం కడ్డీ పైనుండడమే మేలు. కనుబొమలు మరోటి. ఫ్రేము పై అంచు కనుబొమ వంపుతోపాటే నడవాలి. కనుబొమ పూర్తిగా ఫ్రేము వెనక దాగితే మొహంలో భావం పోతుంది, ఫ్రేముకు మరీ పైన మిగిలితే రెండు జతల కనుబొమలున్నట్టుంటుంది. మన చామనఛాయకు పచ్చబంగారం రంగు అంచులు, తేనె రంగు, ముదురు ఎరుపు, తాబేలు చిప్ప డిజైను వెలుగిస్తాయి. ఇప్పుడొచ్చేవి తాబేలు చిప్పలు కావు, ఎసిటేట్‌తో చేసినవే. దూది, చెక్క గుజ్జు నుంచి తయారయ్యే పదార్థం అది. వేడి చేస్తే మెత్తబడుతుంది కాబట్టి మొహానికి తగ్గట్టు వంచవచ్చు.

ఆకృతి ఎంత కుదిరినా అద్దం మంచిది కాకపోతే ఆ జోడు కొనకండి. ఇది నేను బతిమాలి చెబుతున్న మాట. నలుపుకూ రక్షణకూ సంబంధం లేదు. కంటికి చేటు చేసే అతినీలలోహిత కిరణాలను ఆపేది అద్దం పదార్థమూ పూతా, రంగు కాదు. ముదురు అద్దం వెనక కంటిపాప విచ్చుకుంటుంది. అద్దంలో రక్షణ లేకపోతే ఆ విచ్చుకున్న పాపలోంచి కిరణాలు మరింత లోపలికి పోతాయి. ఏళ్ల తరబడి ఎండలో పనిచేసేవాళ్లకు కంటి తెల్లగుడ్డు మీంచి నల్లగుడ్డు మీదికి కండ పెరగడానికి, శుక్లాలు రావడానికి ఈ కిరణాలూ ఒక కారణం. కాబట్టి 'యూవీ 400' అని ఉందా అని అడగండి. 400 నానోమీటర్ల వరకు ఉన్న కిరణాలను ఆపుతుందని దాని అర్థం. చాలా షాపుల్లో దీన్ని పరీక్షించే చిన్న యంత్రం ఉంటుంది, మొహమాటం లేకుండా పెట్టి చూపించమనండి.

రంగు ఎంత ముదురో చెప్పడానికి 0 నుంచి 4 వరకు తరగతులున్నాయి. మన ఎండకు 3వ తరగతి సరిపోతుంది. అది వచ్చే వెలుగులో 8 నుంచి 18 శాతం మాత్రమే లోపలికి పంపుతుంది. 4వ తరగతి మంచుకొండలకు, అది పెట్టుకుని బండి నడపకూడదు. బూడిద రంగు అద్దం రంగులను మార్చదు, గోధుమ రంగు దృశ్యాన్ని స్పష్టం చేస్తుంది. తడి రోడ్డు, చెరువు, ముందు కారు అద్దం నుంచి కొట్టే మెరుపు బాధిస్తుంటే పోలరైజ్డ్ తీసుకోండి. అది అసలైనదా అన్నది షాపులోనే తేల్చుకోవచ్చు. జోడును ఫోన్ తెర ముందు పట్టుకుని మెల్లగా తిప్పితే, ఎక్కువ ఫోన్లలో ఏదో ఒక కోణంలో తెర నల్లబడుతుంది. ఎండకు నల్లబడి నీడలో తెల్లబడే అద్దాలు వీధిలో బాగుంటాయి గానీ చాలావరకు కారులో పనిచేయవు. కారు ముందు అద్దమే అతినీలలోహిత కిరణాలను ఆపేస్తుంది, దాంతో కళ్లద్దం నల్లబడదు.

స్కూటీ మీద వెళ్లేవాళ్లు షాపుకు హెల్మెట్ తీసుకెళ్లండి. కాడలు దళసరిగా ఉంటే హెల్మెట్ అదిమి కణతలు నొప్పి పుడతాయి. ఇది మా పిల్లకు నేను చెప్పలేదు, ఆమే తెచ్చింది.

ఆ మధ్యాహ్నం పెద్దాయన దాదాపు ఇరవై ఫ్రేములు తీశాడు. చివరికి కుదిరింది ఒక సన్నటి లోహపు ఫ్రేము. అద్దాలు చదరమే, ఎత్తు మాత్రం తక్కువ. మూలలు కొంచెం మెత్తబడ్డాయి. ముదురు పచ్చ అద్దం, పలచటి కాడలు. పిల్ల నవ్వింది, తల ఊపింది, వంగి చెప్పు సర్దుకుంది. జోడు కదల్లేదు. అయినా ఎడమ చెవి కుడి చెవి కన్నా వెంట్రుకవాసి కిందికుందని ఆయన కనిపెట్టి, కాడ చివరను వేడి చేసి రెండు వేళ్లతో వంచాడు. అందరి చెవులూ ఇంతేనట. రెండూ ఒకే ఎత్తులో ఉన్న మనిషి తనకు అరుదుగా కనిపిస్తాడన్నాడు.

డబ్బు కట్టేసి లేస్తుంటే ఆయన అక్క వైపు చూశాడు. పోయినేడు రెండు కళ్లకూ శుక్లాలు తీయించుకుంది తను. "మీకు కూడా ఉండాలమ్మా" అన్నాడు. "ఈ వయసులో నాకెందుకండీ" అంది అక్క, మా అమ్మమ్మ గొంతుతోనే. ఆయన వాదించలేదు. పైన ముదురుగా, కిందికి వచ్చేసరికి లేతగా ఉండే గోధుమ రంగు అద్దాలది ఒకటి తీశాడు. చివర్లు కొంచెం పైకి లేచాయి, నడిమి కడ్డీ కిందికుంది, బొట్టుకు అడ్డం రాలేదు. పిల్ల అద్దం తెచ్చి ఎదురుగా పట్టుకుంది.

అక్క చాలాసేపు చూసుకుంది. కొంగు సర్దుకుంది. ఎవరూ చెప్పకుండానే నవ్వి చూసింది.

బయట ఎండ ఇంకా తగ్గలేదు. తెలిసినావిడ ఎదురుపడి పలకరిస్తే రోడ్డు పక్కన ఐదు నిమిషాలు నిలబడి మాట్లాడింది అక్క, జోడు తీయకుండానే.